గజపతి గారు పోయినప్పుడు: పర్లాకిమిడి తెలుగువాళ్లని తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మేనత్త వాళ్లది ఆంధ్రలోని పాతపట్నం. మధ్యలో రాష్ట్రాల సరిహద్దు ఉంది గానీ, మా ఇళ్ల మధ్య కూర గిన్నెలు తిరగడానికి అదేమీ అడ్డం రాలేదు. 2020 జనవరిలో మా పాత రాజుల ఇంటి పెద్ద గోపీనాథ్ గజపతి గారు పోయారని తెలిసిన రోజు హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ చుట్టాల ఫోన్లు వచ్చాయి. అందరివీ ఇంచుమించు ఒకే ప్రశ్నలు. అప్పట్నుంచి ఊళ్లో పెద్దవాళ్లు చెప్పేవి ఒక లెక్కల పుస్తకంలో రాసుకుంటున్నాను. ఆ పుస్తకం, నాకు తెలిసిన చరిత్ర, కొంచెం నా నోటి దురుసు కలిపి ఈ జవాబులు రాస్తున్నాను.

ఇంతకీ ఏ గజపతి? పూరీ రాజునే కదా గజపతి అంటారు?

అందరూ ముందు తడబడేది ఇక్కడే. రథయాత్రలో బంగారు చీపురుతో రథాలు ఊడ్చేది పూరీ గజపతి. మా పర్లాకిమిడి గజపతులది వేరే ఇల్లు. తాము తూర్పు గంగుల వంశం వాళ్లమని చెప్పుకుంటారు. ఆ గంగుల రాజధాని కళింగనగరం ఎక్కడో లేదు, శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డునున్న ముఖలింగమే. అంటే వంశం వేర్లు ఆంధ్రలో, కోట ఒడిశాలో. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

మా ఊళ్లో జనం తలుచుకునే మరణాలు రెండు. మొదటిది మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ గారిది. 1892 ఏప్రిల్ 26న పుట్టి, 1974 మే 25న పోయారు. రెండోది ఆయన మనవడు గోపీనాథ్ గజపతి గారిది. బరంపురం నుంచి 1989లోనూ 1991లోనూ లోక్‌సభకి గెలిచారు. 2020 జనవరి 10న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 76. మా ఇంట్లో మొదటాయన్ని "పెద్ద రాజుగారు" అనీ, రెండో ఆయన్ని "ఎంపీ గారు" అనీ అంటాం. ఈ రెండు పిలుపుల మధ్యే ఒక కాలం గడిచిపోయింది.

పెద్ద రాజుగారు నిజంగా రాజేనా, జమీందారా?

చట్టం లెక్కలో జమీందారు. పర్లాకిమిడి సంస్థానం కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కింద ప్రభుత్వానికి పేష్కషు, అంటే శిస్తు, కట్టే ఎస్టేటు. నైజాముకీ మైసూరుకీ పేల్చినట్టు తుపాకీ వందనాలు లేవు, రాజభరణం లేదు. 1971లో రాజభరణాలు రద్దయినప్పుడు పోవడానికి మా రాజుగారి దగ్గర ఏమీ లేదు. ఎస్టేటు 1950ల్లోనే జమీందారీల రద్దుతో పోయింది.

ఈ తేడా మా నాయనమ్మకి చెప్పి చూశాను ఒకసారి. "జమీందారైతే ఏటి, రాజైతే ఏటి, కోటలో ఉన్నోడు రాజే కదేటి" అంది. సంతాపం విషయంలో ఆవిడ మాటే చెల్లింది. ఊళ్లో ఎవరూ "మన జమీందారు పోయారు" అనలేదు. ఒడియావాళ్లకి ఆయన "మణిమా", తెలుగువాళ్లకి "మహారాజావారు", సంతలో కూరగాయలమ్మే అప్పకి "రాజుగోరు".

ఊరిని ఒడిశాలో కలిపించిన మనిషి కోసం తెలుగువాళ్లు ఏడవడమేంటి?

ఎక్కువమంది అడిగేది ఇదే. అడిగేటప్పుడు గొంతులో కాస్త వెటకారం కూడా ఉంటుంది. అందుకని దీనికి కొంచెం పొడుగ్గానే చెబుతాను.

ముందు జరిగింది చెప్పుకుందాం. ఒడియా మాట్లాడేవాళ్లకి వేరే రాష్ట్రం కావాలని కృష్ణచంద్ర గజపతి గారు గట్టిగా నిలబడ్డారు. 1930లో లండన్‌లో జరిగిన మొదటి రౌండ్ టేబుల్ సమావేశంలో ఆ మాట వినిపించారు. 1933లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన శ్వేతపత్రంలో పర్లాకిమిడిని కొత్త రాష్ట్రంలో చేర్చలేదు. ఆయన ఊరుకోలేదు. చివరికి ఎస్టేటుని రెండుగా చీల్చారు. పట్నం, కొంత మైదానం, మన్యం ఒరిస్సాకి వెళ్లాయి. మిగతా పల్లం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం పుట్టింది. మరుసటేడు, 1937 ఏప్రిల్‌లో, ఆయనే దానికి మొదటి ప్రధాని అయ్యారు. అప్పట్లో రాష్ట్రంలో మంత్రివర్గం నడిపేవారిని అలాగే అనేవారు. ఆ మొదటి మంత్రివర్గం జూలై దాటలేదు. 1941 నుంచి 1944 దాకా మళ్లీ ఆయనే నడిపారు. ఉత్కళ విశ్వవిద్యాలయం 1943లో ఏర్పడింది ఆ రోజుల్లోనే. 1992 అక్టోబరు 2న గంజాం జిల్లాని విడదీసి మాకు వేరే జిల్లా ఇచ్చినప్పుడు దానికి గజపతి జిల్లా అనే పేరు పెట్టారు.

అంటే ఒడియావాళ్లకి ఆయన రాష్ట్రం తెచ్చిన మనిషి. సరే. మరి మాకు?

మాకు ఆయన ఊరిని తీసుకెళ్లి ఇంకో ఇంట్లో పెట్టిన మనిషి. అది నిజం. నేను తగ్గించి చెప్పను. మా తాతకి 1936లో పదహారేళ్లు. అంతకుముందు దాకా అర్జీ తెలుగులో రాసుకున్న ఊళ్లో, తర్వాత కాగితం చదివించుకోడానికి వేరొకరి గుమ్మం ఎక్కాల్సి వచ్చిందని చెప్పేవాడు. ఆ కోపం ఆయనకి చచ్చేదాకా ఉంది. కానీ 1974లో రాజుగారు పోయారన్న కబురు వచ్చిన పూట, అన్నం కంచం ముందునుంచి లేచిపోయింది కూడా ఆ తాతే. మా నాన్న అడిగాడట, "నువ్వు ఆయన్ని తిట్టేవాడివి కదా, మరిదేంటి?" అని. తాత చెప్పింది ఒకటే మాట: "తిట్టడానికి మన రాజు ఉండాల కదరా."

నా పుస్తకంలో ఈ తీరు మాటలు చాలానే ఉన్నాయి. భాష విషయంలో ఆయనతో కొట్లాట. బడి, ఆసుపత్రి, రైలు దగ్గరికొస్తే ఆయన ఇంటి ఉప్పు. ఈ రెండూ ఒకే మనిషి కడుపులో ఉండలేవని బయటివాళ్లు అనుకుంటారు. ఉంటాయి. మేనమామ మీద ఆస్తి తగువులో కేసు వేసినవాళ్లు కూడా ఆయన పోతే పాడె మోయడానికి వెళ్తారు. మా ఊళ్లో ఎవరికీ ఇది వింత కాదు.

గిడుగు వారు అందుకే ఊరు వదిలేశారంటారు, నిజమేనా?

నిజమే. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. తర్వాత అక్కడి కాలేజీలోనూ చదువు చెప్పారు. వ్యావహారిక భాష కోసం పోరాడింది, సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసింది మా ఊళ్లో ఉంటూనే. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడం ఆయనకి నచ్చలేదు. అర్ధ శతాబ్దం పైగా బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. 1940 జనవరి 22న పోయారు.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేటప్పుడు ఆంధ్రలో ఆయన ఫొటోకి దండ వేస్తారు. ఆ ఫొటో వెనకున్న ఊరు పర్లాకిమిడి అని వేదిక మీద చెప్పేవాళ్లు తక్కువ. అది నా ఫిర్యాదు, రాసిపెట్టుకోండి. ఇంకో సంగతి: జీతమిచ్చి పోషించిన బడి రాజుగారిది, ఊరు వదిలించిన సరిహద్దూ రాజుగారి పట్టుదల వల్లే వచ్చింది. మీ నోట ఒక్క ముక్కలో తీర్పు రాకపోతే తప్పు మీది కాదు.

రాజు పోతే ఊరంతా మైలేనా? శుభకార్యాలు ఆపాలా?

లేదు. మైల దాయాదులకే. ఊరికి అక్కర్లేదు. ముహూర్తం పెట్టుకున్న పెళ్లి ఆపనక్కర్లేదని పురోహితులు చెబుతారు. ఊరు పాటించేది మైల కాదు, మర్యాద. కొట్ల తలుపులు సగం దించడం, మేళం లేకుండా పల్లకీ ఊరు దాటించడం, ఆ పూట మాంసం కొట్టు తియ్యకపోవడం లాంటివి. ఎవరూ దండోరా వేసి చెప్పరు. పక్క కొట్టువాడు తలుపు దించాడు కాబట్టి మనమూ దించుతాం.

అంతిమయాత్రల్లో తెలుగు పద్ధతా, ఒడియా పద్ధతా?

మా ఊళ్లో ఏ పెద్ద మనిషి పోయినా రెండూ కలిసే ఉంటాయి. ఒడియావాళ్లు "రామ నామ సత్య" అంటూ నడుస్తారు, దారి పొడుగునా ఖై చల్లుతారు. మనం పేలాలు అంటాం, అదే. తెలుగువాళ్లు వెనక "గోవిందా, గోవింద" అంటారు. రెండు కేకలూ ఒకదానికొకటి అడ్డం పడకుండా ఎలా నడుస్తాయో చూసిన వాళ్లకే తెలుస్తుంది. ఒకరు ఊపిరి తీసుకునే చోట ఇంకొకరు అందుకుంటారు.

ఒడియా ఇళ్లలో పదో రోజు శుద్ధి ముఖ్యం. మన ఇళ్లలో పదకొండు, పన్నెండు, పెద్ద దినం. పలకరింపుకి వెళ్లేవాళ్లకి ఒక చిన్న సూచన: మన దగ్గర పలకరింపుకి వెళ్లి వచ్చేటప్పుడు "వెళ్లొస్తాం" అనకూడదంటారు. ఒడియావాళ్లకి మామూలుగానే వెళ్లేటప్పుడు "వస్తాను" అనే అలవాటు ఉంది. ఈ ఒక్క మాట దగ్గర పెద్దాళ్లు ఉలిక్కిపడటం నేను చూశాను. ఏమీ అనకుండా దణ్ణం పెట్టి లేచి వచ్చేయడం అన్నిటికంటే మేలు.

సింహాసనం ఒక్క పూట కూడా ఖాళీగా ఉండకూడదన్న పట్టింపు చాలా రాజవంశాల్లో ఉంది. మా వైపు పెద్దవాళ్లూ "రాజు పోడు, మారతాడు" అంటారు. గోపీనాథ్ గారి తర్వాత ఇంటి పెద్దరికం ఆయన కుమార్తె చేతికి వచ్చింది. కోట అన్నాక మగపిల్లాడే ఉండాలని గొణిగినవాళ్లు లేకపోలేదు. కానీ గొణిగిన వాళ్లు కూడా తర్వాత పండగకి కోట ముందు నిలబడ్డారు. అంతకుమించి చెప్పడానికి లేదు.

జెండా దించారా? ప్రభుత్వ సెలవు ఉంటుందా?

మామూలుగా ఉండదు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధాని పోతే దేశమంతా జాతీయ జెండా సగానికి దించుతారు. గవర్నరో ముఖ్యమంత్రో పోతే ఆ రాష్ట్రంలో దించుతారు. పాత రాజవంశీకులకి ఈ వరసలో చోటు లేదు. బిరుదులు రాజ్యాంగమే తీసేసింది. ప్రభుత్వం ప్రత్యేకంగా ఆదేశం ఇస్తే తప్ప జెండా దిగదు. కాబట్టి వాట్సాప్‌లో "రేపు బడులకి సెలవు" అని వస్తే పిల్లల్ని ఇంట్లో ఉంచేయకండి. కలెక్టరేటు మాట వినండి.

ఇంగ్లండు రాణి పోతే మన దేశం సంతాపం పాటించింది కదా, మరి మన రాజులకి?

అవును. రెండో ఎలిజబెత్ రాణి 2022 సెప్టెంబరు 8న పోతే, 11వ తేదీన భారత ప్రభుత్వం ఒక రోజు సంతాపం పాటించింది. ఆవిడ ఒక దేశాధినేత కాబట్టి. మా రాజుగారితో పోల్చి ఉడుక్కోవడంలో అర్థం లేదు.

నాకు ఆ రాణి సంతాపంలో గుర్తుండిపోయింది వేరే. లండన్ పార్కుల్లో జనం పూలతోపాటు పిల్లల కథల్లోని పాడింగ్టన్ ఎలుగుబంటి బొమ్మలూ, మార్మలేడ్ అనే నారింజ జామ్ రాసిన రొట్టెలూ పెట్టారు. రాణి ఒక సరదా వీడియోలో ఆ ఎలుగుబంటితో కలిసి టీ తాగింది మరి. చివరికి పార్కులవాళ్లు "దయచేసి రొట్టెలు పెట్టకండి" అని అడగాల్సి వచ్చింది. చదివి నవ్వుకున్నాను గానీ, తర్వాత ఆలోచిస్తే అదేమీ వింత కాదనిపించింది. పోయినవాళ్లకి తినేది పెట్టాలని చెయ్యి దానంతట అదే వెళ్తుంది. మనం పిండం పెట్టి కాకి కోసం చూస్తాం. వాళ్లకి కాకులు లేవు, పార్కు ఉద్యోగులు ఉన్నారు.

పెద్దవాళ్లు చెప్పే జ్ఞాపకాలు నమ్మొచ్చా?

నమ్మొచ్చు, కానీ ఇంకోసారి అడిగి నమ్మాలి. ఎందుకంటే ముందు నా సొంత జ్ఞాపకమే నన్ను మోసం చేసింది.

1974లో నాకు ఆరేళ్లు. నాన్న భుజం మీద కూర్చుని, కిక్కిరిసిన జనంలో, ఒక ఏనుగుని చూసినట్టు స్పష్టంగా గుర్తు. పెద్ద రాజుగారు పోయిన రోజే అది అని ముప్పై ఏళ్లు అందరికీ చెప్పుకున్నాను. పెళ్లయ్యాక మా ఆవిడకి కూడా చెప్పాను. తర్వాత ఒకరోజు మా అమ్మ తీరిగ్గా చెప్పింది: "అది వేరే ఊళ్లో సర్కస్‌రా. ఆ రోజు నీకు జొరం, ఇంట్లోనే ఉన్నావు." రాజుగారు, జనం, ఏనుగు. మూడూ నా బుర్రలో ఎప్పుడో ముడిపడిపోయాయి. ఏనుగు లేకుండా రాజు పోవడమేంటని ఆరేళ్ల పిల్లాడు అనుకున్నాడు కాబోలు.

అందుకని నేను కొన్ని గట్టి తేదీలు దగ్గర పెట్టుకుంటాను. 1974 మేలో దేశమంతా రైల్వే సమ్మె జరిగింది. 8న మొదలై 27న ముగిసింది. రాజుగారు పోయింది 25న. కాబట్టి ఎవరైనా "కబురు తెలియగానే నౌపడాలో చిన్న రైలెక్కి వచ్చేశాను" అంటే, కొట్టిపారేయను. సమ్మెలో కూడా అక్కడక్కడా బళ్లు నడిచాయి. "టిక్కెట్టు ఎవరిచ్చారు బాబూ, స్టేషన్లో ఎవరున్నారు?" అని మాత్రం అడుగుతాను. ఒకాయన అలా అడిగితే కాసేపు ఆలోచించి, "లేదు లేదు, లారీ మీద వచ్చినాను. రైలు రాకపోతే టెక్కలి కాడ రాత్రంతా కూకున్నాం" అన్నాడు. చూశారా, మొదటి జ్ఞాపకం కంటే రెండోది ఎంత బాగుందో. రైలెక్కడం ఎవరైనా చెబుతారు. టెక్కలి దగ్గర రాత్రంతా కూర్చోవడం కూర్చున్నవాడే చెబుతాడు.

ఇంకొక చిట్కా. "మీరెలా బాధపడ్డారు?" అని అడగకండి. అందరూ ఒకే జవాబు చెబుతారు. "ఆ పూట ఇంట్లో ఏం వండారు?" అని అడగండి. అప్పుడు మాట కదులుతుంది. మా వీధిలో ఒక పెద్దమ్మ ఆ రోజు పొయ్యి మీద గంటెడు అంబలి తప్ప ఏమీ లేదని చెప్పి, అక్కడినుంచి రెండు గంటలు ఆపకుండా చెప్పింది. కోటలో పురిటికి మంత్రసానిగా వెళ్లిన వాళ్లమ్మ గురించి, రాజుగారింటి నుంచి ఇచ్చిన చీర గురించి, ఆ చీర చివరికి ఎవరి ఉయ్యాలైందో కూడా.

నౌపడా చిన్న రైలు కథేంటి? రాజుగారి గురించి అడిగితే అందరూ రైలు గురించే చెబుతారెందుకు?

ఎందుకంటే కోట లోపలికి వెళ్లినవాళ్లు తక్కువ, రైలు ఎక్కనివాళ్లు లేరు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 40 కిలోమీటర్లు. రెండున్నర అడుగుల చిన్న పట్టాల లైను. కృష్ణచంద్ర గారి కంటే ముందటి రాజు గౌరచంద్ర గజపతి గారు వేయించారు. అంచనా ఖర్చు 7 లక్షల రూపాయలు. 1900 ఏప్రిల్ 1న మొదలైంది. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. ఏప్రిల్ 1 అన్న తేదీ మళ్లీ చూడండి. ముప్పై ఆరేళ్ల తర్వాత అదే తేదీన రాష్ట్రం మారింది. ఆ తేదీ మా ఊరి మీద కక్షో ప్రేమో, ఏదో ఒకటి పెట్టుకుంది.

2004 దాకా ఆ చిన్న రైలు నడిచింది. తర్వాత పట్టాలు పీకి పెద్ద లైను వేశారు. 2011లో మళ్లీ బళ్లు తిరిగాయి. నేను చూసినంతలో, చిన్న రైలు ఆగినప్పుడు పడ్డ బాధ, రాజుగారు పోయినప్పటి బాధ, పెద్దవాళ్ల మాటల్లో ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఎక్కడ రాజుగారి గురించి మాట్లాడుతున్నారో, ఎక్కడ రైలు గురించి మాట్లాడుతున్నారో తెలియడం కష్టం. "ఎంత నెమ్మదిగా ఎల్లేదో, దిగి మూత్రం పోసుకుని మళ్లీ ఎక్కేవోళ్లం" అన్నది మాత్రం రైలు గురించే.

రైలు తర్వాత ఎక్కువగా వినపడేవి రెండు కాలేజీల పేర్లు. మా ఊళ్లో ఎస్‌కేసీజీ కాలేజీ, 1896లో మొదలైనది. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి ఎంకేసీజీకి పరిగెత్తే తెలుగువాళ్లలో సగం మందికి ఆ కేసీజీ అంటే ఎవరో తెలియదు. కృష్ణచంద్ర గజపతి, ఆయనే.

నివాళి ఫ్లెక్సీ ఏ భాషలో వేయించాలి? ఊరి పేరు ఎలా రాయాలి?

రెండు భాషల్లోనూ వేయించండి. ఒడియాలో "అశ్రుళ శ్రద్ధాంజలి" అని, తెలుగులో "అశ్రునివాళి" అని. అక్షరాలు వేరు గానీ కన్నీళ్ల పేరు ఒకటే, చదవడం వచ్చినవాళ్లకి తెలుస్తుంది. 2020లో మా కుర్రాళ్లు వేయించిన ఫ్లెక్సీలో ఒక ప్రింటింగ్ కొట్టువాడు తెలుగు ఫాంటు లేక ఒత్తులన్నీ ఊడగొట్టి "అశునివాళి" అని వేసి ఇచ్చాడు. రాత్రి పదింటికి మార్కర్ పెన్ను పట్టుకుని నేనే నిచ్చెనెక్కాను. కాబట్టి ప్రూఫు చూడకుండా డబ్బివ్వకండి.

ఊరి పేరు ఒడియాలో పారలాఖెముండి. మనం పర్లాకిమిడి అంటాం, తొందరలో ఉంటే కిమిడి. తెలుగులో రాసేటప్పుడు పర్లాకిమిడి అనే రాయండి. మ్యాపులో చూసి "పరలఖేముంది" అని రాసే పత్రికల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ పేరు ఏ భాషవాళ్లూ అనరు.

ఒడిశా సరిహద్దులో తెలుగువాళ్లు తలుచుకునే రాజు ఈయనొక్కరేనా?

కాదు. కోరాపుట్ వైపు వెళ్లి అడిగితే జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారి పేరు చెబుతారు. 1869లో పుట్టి 1951లో పోయారు. తెలుగు, ఒడియా, సంస్కృతం మూడింట్లో పండితుడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. అప్పటి లక్ష, ఇప్పటిది కాదు. విశాఖలో ఆ విశ్వవిద్యాలయపు సైన్సు కాలేజీ పేరే జయపూర్ విక్రమదేవ్ కాలేజీ. అంటే ఒడిశాలో ఉన్న రాజు తెలుగువాళ్ల చదువుకి డబ్బిచ్చాడు, పర్లాకిమిడి రాజు ఒడియావాళ్ల రాష్ట్రానికి పోరాడాడు. సరిహద్దు రాజుల లెక్క ఇలాగే ఉంటుంది, గీతకి ఏ పక్కనుంటే ఆ పక్కవాళ్ల మనిషని అనుకుంటే బోర్లాపడతాం. తెలుగువాళ్లు జయపురం రాజుని మెచ్చుకుని పర్లాకిమిడి రాజుని తిట్టడం కూడా అందుకే నాకు కొంచెం లోభం మాటలా వినిపిస్తుంది. మనకి ఇచ్చినవాడు దొడ్డవాడు, పక్కవాడికి ఇచ్చినవాడు చెడ్డవాడూనా?

కోట చూడొచ్చా? అక్కడ పూలు పెట్టొచ్చా?

కోట ప్రభుత్వ ఆఫీసు కాదు, ఒక కుటుంబం ఇల్లు. గేటు దగ్గర అడిగి, వాళ్లు రమ్మంటేనే లోపలికి వెళ్లండి. పూలు పెట్టాలనుకుంటే ఊళ్లో విగ్రహం దగ్గర పెట్టండి. ఏప్రిల్ 26 ఆయన పుట్టినరోజు, ఆ రోజు దండలు ఎలాగూ ఉంటాయి. సెల్ఫీ తీసుకునేటప్పుడు కాస్త చెప్పులు విప్పితే పెద్దవాళ్లు సంతోషిస్తారు. విప్పకపోయినా ఎవరూ ఏమీ అనరు, మనసులో మాత్రం అనుకుంటారు.

2020లో ఎంపీ గారు పోయిన వారంలోనే సంక్రాంతి వచ్చింది కదా, పండగ చేసుకున్నారా?

చేసుకున్నాం. ఆయన పోయింది 10న, పండగ 15న. మా వీధిలో భోగి మంట వేశాం, మైకు పెట్టలేదు. కోడిపందాల మాట ఎవరూ ఎత్తలేదు.

బయటివాళ్లకి ఒక సంగతి చెప్పాలి. మా ఉత్తరాంధ్ర వైపు సంక్రాంతి అంటే ముగ్గులూ గాలిపటాలే కాదు, అది పెద్దల పండగ. ఇంట్లో పోయినవాళ్లందరి పేరా కొత్తబట్టలు పెట్టి, పసుపు కుంకుమలు, వండినవి అన్నీ ముందు పెట్టి, ఒక్కొక్కరి పేరూ చెప్పి దణ్ణం పెట్టుకుంటారు. పర్లాకిమిడి తెలుగువాళ్ల ఇళ్లలో ఇప్పటికీ ఇంతే. రాష్ట్రం మారింది గానీ పెద్దలు మారలేదు.

ఆ ఏడు మా పక్కింటి అవ్వ, ఎనభై దాటిన మనిషి, పండగకి రెండు రోజుల ముందు మా కుర్రాణ్ని బజారుకి పంపింది. వాళ్లాయనకి ఒక పంచె, అత్తగారికి ఒక చీర, ఇంకో పంచె అదనంగా తెమ్మంది. ఎవరికే అవ్వా అని అడిగితే "రాజుగోరికి" అంది. ఆవిడ ఎన్నడూ కోటలో అడుగు పెట్టలేదు. ఎంపీ గారిని ఓట్లప్పుడు జీపులో చూసిందంతే. మావాడు వెటకారంగా, "రాజుగారికి ఈ నూలు పంచె ఆనుతుందా అవ్వా, పట్టుది తేవద్దా?" అన్నాడు.

"పట్టు కోటలో పెడతారు గానీ," అంది అవ్వ చిల్లర లెక్కపెడుతూ, "మనింటికొస్తే మనింటి పంచే కట్టాల."